వెనక బరువు, ముందు మనుషులు: ఒక పాత 15 సీట్ల వ్యాన్ కేసు

పాత వ్యాన్‌ని కుటుంబ ప్రయాణాలకు మార్చుకోవాలని మా వర్క్‌షాప్‌కి వచ్చేవాళ్లు మొదట అడిగేది మంచం గురించే. ఎక్కడ వేయాలి, ఎంత వెడల్పు, కింద ఎంత సామాను పడుతుంది? ఈ కేసులో మంచం చక్కగా కుదిరింది. కుదరనిది వ్యాను. కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను. వాళ్లని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

డాలస్ శివార్లలో ఉండే తెలుగు కుటుంబం. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబు, ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన ఆయన అమ్మానాన్నలు. సెలవులకి వచ్చి చేరే తమ్ముడు ఒకడు. అంటే ఎప్పుడూ ఆరుగురు, అప్పుడప్పుడు ఏడుగురు. మినీవ్యాన్‌లో ఏడుగురు పడతారు గానీ వాళ్ల సూట్‌కేసులు, రైస్ కుక్కర్, పచ్చడి సీసాలు, పెద్దావిడ మందుల సంచి పట్టవు. రెండు కార్లలో వెళ్తే పిల్లలు ఒకచోట, తాతయ్య ఇంకోచోట. అందుకని ఒక చర్చి వాడి అమ్మేస్తున్న 2012 మోడల్ ఫోర్డ్ ఈ-350 ఎక్స్‌టెండెడ్ వ్యాన్ కొన్నారు. ముందు ఇద్దరు, ఆ వెనక ముగ్గురేసి మూడు వరుసలు, చివరి బెంచీ మీద నలుగురు, మొత్తం 15 సీట్లు.

చర్చి వ్యాన్లలో ఒక సుగుణం ఉంది, ఒక తిరకాసు ఉంది. ఆదివారాలు తప్ప పెద్దగా తిరగవు కాబట్టి ఇంజన్ అరగదు. ఆ తిరగకపోవడంలోనే తిరకాసూ ఉంది, దాని సంగతి టైర్ల దగ్గర చెప్తాను.

ఈ వ్యాన్ ఆకారం గురించి ఒక మాట ముందే చెప్పాలి. మామూలు ఈ-350లో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 138 అంగుళాలు. ఎక్స్‌టెండెడ్ మోడల్లోనూ అంతే. పెంచిన 20 అంగుళాల బాడీ అంతా వెనక చక్రాల తర్వాతే ఉంటుంది. చివరి బెంచీలో ఎవరు కూర్చున్నా, అక్కడ ఏం పెట్టినా, ఆ బరువు వెనక ఇరుసు దాటి బయటికి వేలాడుతున్నట్టే. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2001లో 15 సీట్ల వ్యాన్ల మీద హెచ్చరిక ఇచ్చింది ఇందుకే. ఒక్క వాహనమే ప్రమాదానికి గురైన సందర్భాల్లో, పదిమంది అంతకుమించి ఎక్కిన వ్యాన్లు బోల్తా పడే రేటు తక్కువమంది ఉన్నవాటికి దాదాపు మూడు రెట్లని ఆ హెచ్చరికలో ఉంది. మనుషులు, సామాను పెరిగేకొద్దీ గరిమనాభి పైకీ వెనక్కీ జరుగుతుంది. 2012 నాటికి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి అయిపోయింది కాబట్టి ఈ వ్యాన్‌లో అది ఉంది. అది జారే బండిని నిలబెట్టడానికి సాయపడుతుంది గానీ బరువుని ముందుకి జరపదు కదా.

వచ్చిన సమస్య

ఆయన మా దగ్గరికి ఒక లిస్టుతో వచ్చారు. అమరిల్లో వైపు వెళ్తుంటే పక్కగాలికి వ్యాన్ ఊగుతోంది, లారీ దాటితే స్టీరింగ్ చేతిలో ఉండట్లేదు, కాబట్టి సస్పెన్షన్ మార్చాలి. వెనక ఏసీ చల్లగా రావట్లేదు, గ్యాస్ నింపాలి. వాళ్లమ్మగారికి దారి పొడవునా వాంతులు, దానికి కిటికీ పక్కన ఏదైనా చేయాలి. పనిలో పనిగా కప్పు మీద విప్పుకునే టెంట్ కూడా.

లిస్టులో జబ్బులకంటే మందులే ఎక్కువున్నాయి. అలాంటప్పుడు లిస్టు పక్కనపెట్టి, వ్యాన్‌కి ఇప్పటిదాకా ఏం చేశారో అడుగుతాను.

వాళ్లు చేసింది ఇదీ. చివరి రెండు బెంచీలు తీసేసి, వెనక తలుపుల దాకా టూ-బై-ఫోర్ చెక్కలతో ఫ్రేమ్ కట్టి, మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్ పరిచి మంచం చేశారు. దాని కింద రెండు నీళ్ల ట్యాంకులు, ఒక్కోటి 20 గ్యాలన్లు, ఒక జనరేటర్, పనిముట్లు. మూడో వరుస బెంచీ కూడా తీసేసి, దాని స్థానంలో గోడకి ఆనించి అడ్డంగా ఒక సోఫా బిగించారు. కప్పు మీద సామాను పెట్టె. వెనక హిచ్‌కి, అంటే ట్రైలర్ లాగే కొక్కేనికి, తగిలించిన ట్రేలో ఐస్ పెట్టె, బొగ్గుల పొయ్యి. ఇదంతా ఎక్కాక వెనకభాగం కుంగితే, ఇంకో వర్క్‌షాప్‌లో కమాను పట్టీల మీద హెల్పర్ స్ప్రింగులు వేయించారు. దాంతో వ్యాన్ మళ్లీ సమంగా నిలబడింది. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంది.

పెద్దావిడ ప్రయాణమంతా ఆ వెనక మంచం మీద పడుకునే ఉన్నారట. "నడుము వాలిస్తే తగ్గుతుందనుకున్నా బాబూ, ఉయ్యాల్లో వేసి ఊపినట్టుంది" అన్నారు. నాకు కావలసిన సమాచారం సగం ఆ ఒక్క మాటలోనే దొరికింది.

టైర్లు, తూకం

సస్పెన్షన్ ముట్టుకునే ముందు టైర్లు చూశాం. టైరు అంచున ఉండే డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. వీటిమీద 2313 అని ఉంది, అంటే 2013లో ఇరవైమూడో వారం. పదేళ్లు దాటిపోయాయి. గాడులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. చర్చి వ్యాన్ తిరకాసు ఇదే: టైరు అరగకుండానే ముసలిదవుతుంది. ఎండలో నిలబడి రబ్బరు గట్టిపడి, లోపలి పొరలు విడిపోవడం మొదలైనా బయటికి కనపడదు. నాలుగూ మార్చాలన్నాం. "స్పేర్ అసలు వాడనేలేదు, కొత్తదే, దాన్ని ఒకచోట వేద్దాం" అన్నారాయన. అది కూడా అదే వయసుది. స్పేర్ టైరుని మామూలు టైరుగా వాడొద్దని ఈ వ్యాన్ల విషయంలో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ప్రత్యేకంగా చెబుతుంది. అదీ మార్పించాం.

గాలి సంగతి ఇంకా ఘోరం. నాలుగింటిలోనూ 65 పీఎస్‌ఐ ఉంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ముందు 55, వెనక 80 అని స్పష్టంగా ఉంటుంది. ఈ సైజు టైరు 80 దగ్గర 3,042 పౌండ్లు మోస్తుంది, రెండూ కలిపి 6,084. వెనక ఇరుసుకి ఆ స్టిక్కర్ ఇచ్చిన పరిమితి కూడా అంతే. 65 దగ్గర అదే టైరు మోసేది 2,623. అంటే గాలి తగ్గించినందుకే వెనకవైపు 800 పౌండ్లకి పైగా సామర్థ్యం పోయింది.

తర్వాత తూకం. హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూచి కాయితం ఇస్తారు, పెద్ద ఖర్చు కాదు. ఖాళీ వ్యాన్ తూచి లాభం లేదు. ప్రయాణానికి ఎలా బయలుదేరతారో అలా అందర్నీ ఎక్కించుకుని, ట్యాంకులు నింపుకుని రమ్మన్నాం. "మమ్మల్నీ సామానుతో పాటే తూస్తారా" అని పెద్దాయన నవ్వారు గానీ, కాయితం చూశాక కొడుకు నవ్వలేదు. ముందు 2,900, వెనక 6,160, మొత్తం 9,060 పౌండ్లు.

మొత్తం పరిమితి 9,500 దరిదాపుల్లో ఉంది కాబట్టి మొత్తం బరువు లెక్కలోనే ఉంది. ఆయన కూడా ముందు అదే చూపించారు. కానీ వెనక ఇరుసు పరిమితి దాటేసింది, అదీ 65 గాలితో. ముందు ఇరుసు మాత్రం ఖాళీ వ్యాన్‌లో ఉండేదానికంటే తేలికైపోయింది. స్టీరింగ్ చేతిలో లేకపోవడానికి కారణం అది. ముందు చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టుకుంటే కదా అవి తిప్పిన వైపు బండి తిరిగేది.

ఈ లెక్క కాయితం మీద వేసి చూపించాను, ఇక్కడా వేస్తాను. వెనక ఇరుసుకి 46 అంగుళాల అవతల 400 పౌండ్ల సామాను పెట్టామనుకుందాం. ఇరుసుల మధ్య దూరం 138, అందులో 46 అంటే మూడో వంతు. కాబట్టి వెనక ఇరుసు మీద పెరిగే బరువు 400 కాదు, 533. ఆ అదనపు 133 ముందు ఇరుసు మీద నుంచి లేచిపోతుంది. హిచ్ ట్రేలో పెట్టిన ఐస్ పెట్టె ఇంకా దూరంలో ఉంటుంది కాబట్టి దాని దెబ్బ ఇంకా ఎక్కువ.

హెల్పర్ స్ప్రింగులు ఇక్కడ చేసిన పని కుంగిన వెనకభాగాన్ని పైకెత్తడం, అంతే. ఇరుసు మీద, టైర్ల మీద పడే బరువు ఒక్క పౌండు కూడా తగ్గలేదు. పైగా, వెనక కుంగి కనిపిస్తుంటే ఎవరో ఒకరు అనుమానించేవారు. ఆ ఆధారాన్నే అవి తీసేశాయి. వాటిని తీసేయించాను.

ఫలించనివి

ఆయన అప్పటికే వెనకవైపుకి లావుపాటి యాంటీ-రోల్ బార్, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే ఉక్కు కడ్డీ, ఒకటి కొనుక్కుని ఉన్నారు. కొత్త టైర్లు వేసి, గాలి సరిచేసి, బార్ కూడా బిగించి, అదే సామానుతో హైవే మీద నడిపాం. టైర్లతో తేడా వెంటనే తెలిసింది. బార్‌తో మలుపుల్లో ఒరగడం తగ్గింది, పక్కగాలికి తోక ఊగడం మాత్రం అలాగే ఉంది. దాన్ని ఉంచేద్దామని ఆయన, వద్దని నేను. వెనకవైపు ఒక్కదాన్నే బిగువు చేస్తే మలుపులో బయటివైపు వెనక టైరు మీద ఇంకా ఎక్కువ భారం పడుతుంది. ఇప్పటికే పరిమితి అంచున ఉన్న టైరు అది. ముందు తేలిక, వెనక జారుడు, ఈ రెండూ కలిసిన వ్యాన్‌ని వానలో నడపాల్సివస్తే? బార్ విప్పేశాం.

పెట్టెలో తేలికైన బట్టలే పెడతామని కప్పు మీది పెట్టె కోసం కూడా బేరమాడారు. బరువు తక్కువైనా గాలికి అడ్డుపడే మేర తగ్గదు, ఆ ఎత్తూ తగ్గదు. టెంట్ మాట ఇక ఎత్తలేదు, ఆ రోజుకి.

సీట్లు

అసలు వాదన ఇక్కడే జరిగింది, ఎక్కువ సమయం పట్టిందీ ఇక్కడే. అడ్డంగా బిగించిన సోఫా ఉండకూడదన్నాను. సీటు అంటే కుర్చీ ఒక్కటే కాదు. నేలలో కంపెనీ ఇచ్చిన బిగింపులు, గోడకున్న భుజం బెల్టు, అవన్నీ ముందువైపు తిరిగి కూర్చున్న మనిషిని పట్టుకునేలా లెక్కగట్టి పరీక్షించినవి. పలుచటి నేల రేకులో నాలుగు బోల్టులు వేసి బిగించిన సోఫా ఢీకొన్నప్పుడు మనిషితో సహా ఎగురుతుంది. ఇక కదిలే బండిలో మంచం మీద పడుకోవడం గురించి చెప్పేదేముంది. టెక్సస్‌లో వాహనంలో ఉన్న ప్రతి ఒక్కరూ బెల్టు పెట్టుకోవాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలు, నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు ఉంటే తప్ప, పిల్లల సీట్లోనే కూర్చోవాలి.

ఆయన బాధ కూడా అర్థమవుతుంది. మంచం ఆయన స్వయంగా, వారాంతాల్లో కష్టపడి చేసుకున్నది. పని కూడా నీటుగా ఉంది. ముడి విప్పింది ఆయన భార్య. "ఆ మంచం మీద రాత్రి ఎవరం పడుకున్నాం చెప్పండి. అత్తయ్యకి రాత్రిళ్లు బాత్‌రూమ్ కావాలని ప్రతిచోటా మోటెల్ తీసుకున్నాం, లేకపోతే క్యాబిన్" అన్నారు. ఆలోచిస్తే అంతే. ఆ కుటుంబానికి కావలసింది ఇల్లు కాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడుగురు హాయిగా కూర్చోగలిగే బండి. అప్పట్నుంచి నేను ఎవరికైనా కొలతలు తీసే ముందు, రాత్రి ఎక్కడ పడుకుంటారో అడుగుతున్నాను.

చర్చి నుంచి కొన్నప్పటి బెంచీలు ఇంకా వాళ్ల గరాజ్‌లోనే ఉండటం అదృష్టం. మూడో వరుస బెంచీని దాని పాత బిగింపుల్లోకే తిరిగి ఎక్కించాం. మొత్తం ఎనిమిది సీట్లు, అన్నీ వెనక చక్రాలకి ముందే. రెండో వరుసలో బాబు సీటు, దాని పై పట్టీ కట్టే టెథర్ సహా. వాడి పక్కనే నానమ్మ, కిటికీ వైపు. ఆమెకి కిటికీలోంచి దారి కనపడాలి, ఊపు తక్కువుండే చోటు కావాలి. రెండు ఇరుసుల మధ్య ఉన్న రెండో వరుస ఆ రెంటికీ సరిపోతుంది. తోక చివర కూర్చుంటే ప్రతి మలుపూ రెండింతలై తెలుస్తుంది, పడుకుంటే బయటేం కనపడక ఇంకా తిప్పుతుంది. మూడో వరుసలో అమ్మాయి, సెలవులకి వచ్చే ఆ తమ్ముడు. తాతయ్య మాత్రం ముందు సీటు వదలనన్నారు, మోకాళ్లకి అదే మేలని మేమూ ఒప్పుకున్నాం.

మూడో వరుస వెనక నిలువుగా ఉక్కు మెష్ అడ్డు బిగించాం, బ్రేకు వేస్తే సామాను తలల మీదికి రాకుండా. దాన్ని ఆనుకుని నేల మీదే, వెనక ఇరుసు దాటకుండా బరువైనవి: ఒక్క నీళ్ల ట్యాంక్, బ్యాటరీ, ఫ్రిజ్, బియ్యం. నీళ్లు గ్యాలన్‌కి ఎనిమిది పౌండ్ల పైనే, నలభై గ్యాలన్లు మోసుకెళ్లడానికి ఇదేం ఎడారి యాత్ర కాదు. దుప్పట్లు, బట్టలు తలుపుల దగ్గర. హిచ్ ట్రే, జనరేటర్, కప్పు పెట్టె ఇంటికే. ఆయన ప్లైవుడ్ వృథా పోలేదు. తోకలో తక్కువ ఎత్తున ఒక సొరుగు చేసి, ఆగినప్పుడు దానిమీద ఒకరు కాళ్లు చాపుకునేలా అమర్చాం.

ఏసీ

గ్యాస్ సరిపడా ఉంది. ముందు చల్లగానే వస్తోంది. వెనక కప్పు గొట్టాల్లోంచి గాలి చల్లగానే ఉంది గానీ బలం లేదు. గాలి చల్లగా ఉండి తక్కువగా వస్తోందంటే, చల్లబరిచే చోట తప్పులేదు, పీల్చుకునే చోట ఏదో అడ్డుందన్నమాట. ఈ వ్యాన్‌లో వెనక ఏసీ యూనిట్ డ్రైవర్ వైపు వెనక మూల, ప్యానెల్ లోపల ఉంటుంది. గాలి పీల్చే జాలీ కూడా అక్కడే. మంచం ఫ్రేమ్, దాని కింద కుక్కిన సంచులు ఆ జాలీని మూసేశాయి. ఫ్రేమ్ తీయగానే గాలి వచ్చింది. కొత్త సొరుగుకి ఆ వైపు ఖాళీ వదిలి, సంచులు జరగకుండా చిన్న చట్రం పెట్టాం. వెనక కిటికీలకి ఎండ తగలని తెరలు.

కరెంటు, వంట, మెట్టు

రైస్ కుక్కర్‌ని సిగరెట్ లైటర్ సాకెట్‌కి చిన్న ఇన్వర్టర్ తగిలించి నడపబోతే ప్రతిసారీ ఫ్యూజ్ పోయేది. 20 ఆంపియర్ల సాకెట్, 12 వోల్టులు, అంటే 240 వాట్లు. కుక్కర్‌కి 500 పైనే కావాలి. 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఆల్టర్నేటర్ నుంచి నింపడానికి 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్, వెయ్యి వాట్ల ఇన్వర్టర్ పెట్టాం. బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్, లావుపాటి తీగ. బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్-అవర్లు, ఒక కుక్కర్ అన్నానికి 300 చాలు, మిగతాది పెరుగు, దోసెల పిండి ఉన్న ఫ్రిజ్‌కి.

ఇండక్షన్ పొయ్యి అడిగారు. 1,800 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 150 ఆంపియర్లు, ఈ బ్యాటరీతో కుదరదన్నాం. వ్యాన్ లోపల గ్యాస్ పొయ్యి ససేమిరా వద్దన్నాం. కార్బన్ మోనాక్సైడ్ సంగతి ఎలాగూ ఉంది, ఒక్కసారి తాలింపు పెడితే ఆ ఘాటు సీటు గుడ్డల్లోంచి ఎప్పటికి పోవాలి? పొయ్యి బయట, పిక్నిక్ బల్ల మీద. అయినా లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాం. ఎలుగుబంట్లుండే చోట తిండి ఎక్కడ పెట్టాలో ఏ పార్కుకి ఆ పార్కుకి నియమం వేరు. యెల్లోస్టోన్‌లో వ్యాన్ లోపల తాళం వేసి ఉంచొచ్చు, యోసెమిటీలో రాత్రిపూట వాహనంలో తిండి ఉంచకూడదు, లాకరు వాడాలి.

మెట్టు చిన్న పనే గానీ పెద్దావిడ మెచ్చుకున్నది దాన్నే. మడత మెట్టు ఇరుకు, చీర కట్టుకుని రెండు పాదాలూ ఆన్చడానికి చోటుండదు. వెడల్పాటి, గరుకు పైభాగమున్న మెట్టు బిగించి, లోపల చేతికందే ఎత్తులో పట్టుకునే పిడి పెట్టాం. పిడిని రేకుకి స్క్రూతో వేస్తే నిండు మనిషి బరువుకి ఊడొస్తుంది. పిల్లర్ ఉక్కులోకి, వెనక పట్టీ వేసి బోల్టు చేయాలి.

ఫలితం, మిగిలినవి

బయలుదేరేముందు మళ్లీ తూకం: ముందు 3,310, వెనక 4,790, మొత్తం 8,100 పౌండ్లు. మనుషులు అంతేమంది. ముందు ఇరుసు 400 పౌండ్లు బరువెక్కింది, వెనక దాదాపు 1,400 తగ్గింది. అమరిల్లో చుట్టూ ఉండే పాన్‌హ్యాండిల్ ప్రాంతపు అవే గాలుల్లోంచి రటోన్ కనుమ మీదుగా కొలరాడో, వయోమింగ్ దాటి యెల్లోస్టోన్‌కి వెళ్లొచ్చారు. వయోమింగ్ గాలికి వేగం తగ్గించాల్సే వచ్చిందట. ఇంత ఎత్తు బండికి అది తప్పదు. కానీ స్టీరింగ్ చెప్పిన మాట వింటోందన్నారు. పెద్దావిడకి కొండదారిలో ఒకసారి తిప్పింది, అంతకుమించి లేదు.

పోని సమస్య కప్పు ఎత్తు. లోపల ఎవరూ నిటారుగా నిలబడలేరు, వంగి నడవాలంటే పెద్దాయనకి కష్టం. ఫైబర్ కప్పు ఎత్తు చేయించొచ్చు గానీ, పై రేకు కోసి బరువుని పైకెక్కించడం నాకు ఇష్టం లేదు. నిలబడే ఎత్తే ముఖ్యమైతే, పొడవాటి వీల్‌బేస్, అంటే ఇరుసుల మధ్య ఎక్కువ దూరం, ఉన్న హై-రూఫ్ ఫోర్డ్ ట్రాన్సిట్ లాంటిది మొదటే కొనడం మేలు. ఇన్సూరెన్సు వాళ్లు సీట్ల సంఖ్య, చేసిన మార్పులు రాతపూర్వకంగా అడిగారు. ఫొటోలు, తూకం కాయితాలు ఇచ్చాక పని జరిగింది.

తమ్ముడు వచ్చే వేసవికి కప్పు టెంట్ కొందామంటున్నాడట. దాని బరువెంతో, కప్పు పరిమితి ఎంతో రాసుకుని క్యాట్ స్కేల్ కాయితంతో సహా రమ్మన్నాను.